పలాస జీడిపప్పు యూనిట్‌కి వీఎస్ఎం: పెన్సిలా, ఎక్సెలా, విజియోనా?

మా మేనల్లుడు పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో సూపర్‌వైజర్. "మావయ్యా, వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ గీయమన్నారు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని ఫోన్ చేశాడు. వీఎస్ఎం అన్నా అదే, సరుకు మొదటి నుంచి చివరిదాకా ఏ దశలో ఎంతసేపు పని, ఎంతసేపు ఆగడం అని చూపే పటం. ఏదీ కొనకు, ఏ3 కాగితం, పెన్సిల్ పట్టుకుని గ్రేడింగ్ టేబుల్ నుంచి బాయిలర్ దాకా వెనక్కి నడువు అన్నాను.

నడిచాక తేలింది, కటింగ్ ముందు ఉడికించిన పిక్కలు 66 బస్తాలు. రోజుకి కోసేది 22, అంటే మూడు రోజుల సరుకు. ఉడికిన పిక్క ఆరితే గాని పప్పు విరక్కుండా రాదు కాబట్టి ఒక రోజు వదిలేద్దాం, మిగతా 44 బస్తాలు ఊరికే మూలుగుతున్నట్టే కదా. బస్తాలు మనం లెక్కపెట్టకపోతే ఏ సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది?

ఇక లెక్కలకి ఎక్సెల్‌ని మించింది లేదు. పని సమయం 440 నిమిషాలు, బస్తాలు 22, టాక్ట్ టైమ్, అంటే ఆర్డర్ అందుకోవాలంటే ఒక్కో బస్తాకి తీసుకోగలిగే సమయం, 20 నిమిషాలు. ఆర్డర్ 25కి పెరిగితే 17.6, అంకె మారిస్తే చాలు. మ్యాప్ గుర్తులైన బాణాలు, త్రిభుజాలు అందులో గీయాలంటే మాత్రం నరకం.

గీయడానికి డ్రా.ఐఓ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ హాయి. ఉచితం, లీన్ మ్యాపింగ్ పేరుతో ఈ మ్యాప్ గుర్తులన్నీ ఉన్నాయి, డెస్క్‌టాప్ వెర్షన్‌కి నెట్ కూడా అక్కర్లేదు. కానీ అందులో అంకె ఉత్త రాతే, పైన 66ని 40 చేసినా కింద రోజులు చూపే టైమ్‌లైన్ కదలదు. నేనొకసారి అది దిద్దడం మరిచి మీటింగ్‌లో పాత లీడ్ టైమ్ (సరుకు మొదటి నుంచి చివరిదాకా పట్టే కాలం) చూపించి నవ్వులపాలయ్యాను.

మైక్రోసాఫ్ట్ వారి విజియో ప్లాన్ 2లో బొమ్మని ఎక్సెల్ డేటాతో ముడిపెట్టొచ్చు గాని, ఒక్క మ్యాప్ కోసం చందా కట్టడం దండగ, పది లైన్లున్న ఫ్యాక్టరీ అయితే సరే. యజమాని విశాఖలో కూర్చుని చూడాలంటే మిరో అనే ఆన్‌లైన్ బోర్డు ఉంది, నెట్ బాగుండాలి, ఉచిత ఖాతాలో ఎడిట్ చేసుకోగలిగే బోర్డులు మూడే.

మావాడికి నేను చెప్పింది ఎక్సెల్‌లో లెక్క, డ్రా.ఐఓలో సాఫు ప్రతి. పెన్సిల్ కాగితం మాత్రం పారేయొద్దన్నాను. లాప్‌టాప్ తిప్పి చూపిస్తే పీలింగ్ దగ్గర ఆడవాళ్లు తలూపి ఊరుకున్నారట, కాగితం పరిస్తే ఒకావిడ వేలు పెట్టి, "ఇక్కడ తప్పు రాశావు బాబూ, డ్రయ్యర్ నుంచి సరుకు రాక పొద్దున్నే రెండు గంటలు ఖాళీగా కూర్చుంటాం" అందట.