గుంట మగ్గం వెలుతురుకు సరిపోయే ఫిల్మ్: ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్

పనిలో ఉన్న చేతివృత్తుల వారి ముఖాలను నలుపు తెలుపులో, ఫ్లాష్ వాడకుండా, వారి ఇంటి వెలుతురులోనే తీయాలనుకునే వారికి 35 ఎంఎం ఫిల్మ్‌లలో నేను మొదట సూచించేది ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్. ఇంగ్లండ్‌లోని మోబర్లీలో హార్మన్ టెక్నాలజీ సంస్థ తయారుచేసే ఈ ఫిల్మ్ 1989 నుంచి దొరుకుతోంది. పెట్టె మీద రాసిన వేగం, అంటే వెలుతురును ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె, ఐఎస్ఓ 400 అయినా, భూదాన్ పోచంపల్లి మగ్గాల ఇళ్లలో దీని విలువ తెలిసేది కెమెరాలో 1600 పెట్టి తీసి, ఎక్కువసేపు డెవలప్ చేసినప్పుడే.

గుంట మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడి పాదాలు నేలకు దిగువన ఉంటాయి, చూపు పన్నె (పోగులను సర్దే దువ్వెన) ముందు పడుతున్న పేక (అడ్డపోగు) మీద ఉంటుంది. నిలబడి తీస్తే నడినెత్తి తప్ప ముఖం దక్కదు కాబట్టి ఫొటోగ్రాఫర్ కూడా నేల మీద కూర్చోవాలి. తలుపులోంచి వచ్చే వెలుతురు ఒక చెంప మీద పడుతున్నప్పుడు, 1600 దగ్గర లెన్సును ఎఫ్/2 వరకు బాగా తెరిచి పెట్టుకుంటే చాలా గదుల్లో సెకనులో 60వ వంతు షట్టర్ వేగం దొరుకుతుంది. ఆ వేగంలో ముఖం నిలకడగా పడుతుంది, పేకను మోసుకెళ్లే నాడె మాత్రం పడుగు (నిలువు పోగులు) మీదుగా మసక గీతలా సాగిపోతుంది. 250వ వంతులో నాడె కూడా ఉన్నచోటే ఆగిపోయి, మగ్గం నడవనట్టే కనిపిస్తుంది. అందుకే నాకు మొదటిదే ఇష్టం.

ఈ ఫిల్మ్‌లో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది చామనఛాయను అది చూపించే తీరు. తెల్లని పడుగును చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది, దాన్ని నమ్మితే ముఖం నల్లగా మునిగిపోతుంది. మీటరును చెంప దగ్గరకు తీసుకెళ్లి చూసి, వచ్చిన లెక్కలో ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు) తగ్గిస్తే, నుదుటి మీది చెమట మెరుపూ కళ్ల కింది ముడతలూ విడివిడిగా నిలుస్తాయి, నూలు కూడా తెల్లగా మాడిపోదు. గింజ (ఫిల్మ్ మీది సన్నని చుక్కలు) కనిపిస్తుంది కానీ ముఖాన్ని మింగదు. అయితే 1600 దగ్గర నీడల్లో వివరం పోతుంది, గుంటలోని పాదాలు చీకట్లో కలిసిపోతాయి. పాదాల పని కూడా కావాలనుకునేవారు 800 దాటకూడదు.

నేసిన చీరను చూపించడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగుతాయి. ఆకుపచ్చ ఫిల్టరు వాటిని విడదీస్తుంది గానీ, ఆ గదిలో ఉన్న కొద్దిపాటి వెలుతురునూ అదే తినేస్తుంది, పైగా ముఖాన్ని మరింత నల్లబరుస్తుంది. నలుపు తెలుపులో పోచంపల్లిని చూపించాలంటే బట్టకు ముందున్న పనుల దగ్గరకు వెళ్లాలి. ముఖ్యంగా ఆసు పోసే చోటికి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా పోగును వేలసార్లు తిప్పే ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల భుజాల మీదే నడిచింది. తల్లి పడిన ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చేత్తో ఆసు పోసేవారు ఎక్కడైనా కనిపిస్తే ముఖంతో పాటు మోచేయి, భుజం కూడా ఫ్రేములో ఉండేలా చూడాలి. అరిగిన ఆ కీళ్లను చూపించడానికి రంగు అక్కరలేదు.

డెవలపింగ్ ఇంట్లో చేసుకోవడమే మేలు. ఐడి-11 డెవలపర్‌ను నీళ్లు కలపకుండా 20 డిగ్రీల దగ్గర వాడితే 400కు ఏడున్నర నిమిషాలు, 1600కు 14 నిమిషాలు పడుతుంది. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు ఆ వేడి దగ్గర ఎక్కడా ఉండవు కాబట్టి డెవలపర్ సీసాను ఐసు వేసిన బకెట్లో పెట్టి, థర్మామీటరు చూసుకున్నాకే మొదలుపెట్టాలి. ల్యాబ్‌కు ఇచ్చేవారు రోలు మీద 1600 అని పెద్దగా రాసి, నోటితోనూ చెప్పాలి. మామూలు సమయానికే కడిగి ఇచ్చిన ల్యాబ్ ఒకటి నాకు తగిలింది, ఆ నెగటివ్‌లలో ముఖాలు పలచబడిపోయి ప్రింటుకు పనికిరాలేదు.

దిగుమతి సరుకు కావడంతో ధర బరువుగానే ఉంటుంది. అయినా రెండు రోళ్లు తీసుకెళ్లమనే చెబుతాను, ఎందుకంటే ఒకే రోలులో ఫిల్మ్ వేగం మధ్యలో మార్చడం కుదరదు. లోపల మగ్గం దగ్గరకు 1600 రోలు, పొద్దున్నే ఆరుబయట పడుగు సాగదీసే వారి కోసం 400 రోలు ఉంచుకోవాలి.