నాన్నగారి కాలి పుండుకు నానో వెండి కట్టు: ఆరు వారాల వాడకం

మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా మధుమేహం ఉంది. అరికాళ్లలో స్పర్శ దాదాపు పోయింది. బొటనవేలి మొదట్లో చెప్పు ఒరిసి లేచిన బొబ్బను ఆయన గమనించే లోపే అది పుండై చీము పట్టింది. రెండు నెలలైనా మానకపోయేసరికి సర్జన్ గారు చచ్చిన కండను తొలగించి నానో వెండి డ్రెస్సింగ్ రాశారు. దుకాణంలో దొరికినదాన్ని బట్టి రెండు కంపెనీల కట్లు వాడాము కనుక, నేను రాస్తున్నది ఈ రకం కట్టు గురించే గాని ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు.

పైనా కిందా వెండి పూసిన పాలిథిలిన్ వల, నడుమ తేమను పట్టి ఉంచే మెత్తని పొర, ఇంతే దీని నిర్మాణం. పూతలోని వెండి స్ఫటికాలు 100 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) కంటే చిన్నవి. అదే బరువు గల వెండిని అంత సన్నని రేణువులుగా చేసినప్పుడు తేమ తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, అందులోంచి వెండి అయాన్లు (విద్యుదావేశం గల వెండి పరమాణువులు) రోజుల తరబడి ఊరుతూ, సూక్ష్మక్రిముల పైపొరకూ లోపలి ఎంజైములకూ అంటుకుని వాటిని చంపుతాయి. కాలిన గాయాలకు వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమును రోజూ కడిగి మళ్లీ పూయాలి. మేము వాడిన కట్టును మాత్రం మూడు రోజులకొకసారి మారిస్తే సరిపోయింది. ధర మామూలు గాజుగుడ్డకు ఎన్నో రెట్లు. విప్పిన కట్టును కంసాలికి ఇస్తే ఎంతిస్తాడని నాన్నగారు నర్సును అడగనే అడిగారు.

మొదటి వారం మాత్రం వృథా అయింది. మా వీధి క్లినిక్‌లో అలవాటు కొద్దీ కట్టును ఉప్పునీటితో, అంటే సెలైన్‌తో తడిపారు. సెలైన్‌లోని క్లోరైడు వెండితో కలిసి సిల్వర్ క్లోరైడుగా మారితే అయాన్ల బలం తగ్గుతుంది కనుక, దీన్ని క్రిములు లేని నీటితో, అంటే స్టెరైల్ వాటర్‌తోనే తడపాలి. ఈ ముఖ్యమైన మాట పెట్టెలోని కాగితంలో, భూతద్దం పెడితే గాని కనబడని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెలుగులో ఒక్క ముక్క లేదు. ఇంట్లో కట్టు మార్చేవారు మనవాళ్లే అయినప్పుడు ఇది చిన్న లోపం కాదు.

పద్ధతి సరిదిద్దుకున్నాక రెండు వారాల్లో దుర్వాసన పోయింది, చీము తగ్గింది, పుండు అడుగున ఎర్రని కొత్త కండ కనిపించింది. అంతవరకు ఈ కట్టుకు పూర్తి మార్కులు ఇస్తాను. చుట్టూ చర్మం బూడిద రంగుకు తిరిగి మమ్మల్ని భయపెట్టింది గాని, అది వెండి మరకేనని నర్సు చెప్పారు.

అయితే పెట్టె మీద 'కణజాలాన్ని పునరుత్పత్తి చేస్తుంది' అని ఉంది. ఆ మాటతో నేను ఏకీభవించను. ఈ వెండి కండను పెంచదు, కండ పెరగడానికి అడ్డుపడే క్రిములను తొలగిస్తుంది. పైగా అవసరం తీరాక కొనసాగిస్తే, కొత్త చర్మ కణాలకు కూడా అది హాని చేయవచ్చునని ప్రయోగశాల పరీక్షలు చూపాయి. మధుమేహ పాదాలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా 2023 నాటి మార్గదర్శకాల్లో, పుండు మాన్పడం కోసమని క్రిమినాశక డ్రెస్సింగులను వాడవద్దనే చెప్పింది. మా సర్జన్ గారు ఆరు వారాలు నిండగానే దీన్ని ఆపి మామూలు తేమ కట్టుకు మార్చారు. ఆ పైన పుండు పూర్తిగా పూడడానికి మరో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో పని చేసినవి పాదం ముందు భాగంపై బరువు పడనివ్వని ప్రత్యేకమైన చెప్పు, అదుపులోకి వచ్చిన షుగరు.

కనుక చీము పట్టిన పుండుకు, వైద్యులు రాస్తే, వారు చెప్పిన గడువు వరకే కొనండి. దానితో పాటే స్టెరైల్ వాటర్ సీసా అడిగి తీసుకోండి, కట్టు కింద వాజలైన్ వంటి జిడ్డు లేపనాలు రాయకండి, ఎమ్మారై స్కానింగ్‌కు వెళ్లవలసి వస్తే కట్టులో వెండి ఉందని అక్కడివారికి ముందే చెప్పండి.