చలి దెబ్బకు ఏ హార్మోను మేలు: అబ్సిసిక్ ఆమ్లమా, బ్రాసినోస్టిరాయిడ్లా?

టమాటా, దోస, మొక్కజొన్న, వరి వంటి ఉష్ణ ప్రాంతపు పంటలు గడ్డకట్టే చలి దాకా ఆగవు. 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే దెబ్బతింటాయి. ఆ దెబ్బలో చలితోపాటు ఎండకూ వాటా ఉంది. పత్రహరితం కాంతిని పట్టుకోవడానికి ఉష్ణోగ్రతతో దాదాపు పని లేదు కానీ, కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే ఎంజైములు చలికి మందగిస్తాయి. అలా ఖర్చు కాక మిగిలిన శక్తి ఆక్సిజన్‌ను హానికర రూపాల్లోకి మార్చి, హరితరేణువుల్లో కాంతిని పట్టి వాడుకునే ప్రోటీన్ సముదాయాలైన కాంతి వ్యవస్థలను గాయపరుస్తుంది. ముఖ్యంగా దోసలో, ఇలాంటి రెండు వ్యవస్థల్లో మొదటిది (ఫొటోసిస్టమ్ 1) దెబ్బతింటే కోలుకోవడానికి రోజులు పడుతుంది. కాబట్టి చలి నుంచి కాపాడేందుకు మొక్కకు అందించే ఏ హార్మోనునైనా ఈ మిగులు శక్తిని అది ఏం చేస్తుందన్న ప్రశ్నతోనే తూచాలని నా అభిప్రాయం.

అబ్సిసిక్ ఆమ్లం ప్రధానంగా నీటిని కాపాడుతుంది. చల్లబడిన నేలలో వేళ్లు నీటిని సరిగా పీల్చలేకపోతున్నా ఆకులు దానిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. ఈ ఆమ్లం పత్రరంధ్రాలను మూయించి మొక్క వాడిపోకుండా ఆపుతుంది, చలిని తట్టుకునే జన్యువులను కూడా మేల్కొలుపుతుంది. అయితే రంధ్రాలు మూసుకుంటే కార్బన్ డయాక్సైడు లోపలికి రావడం తగ్గుతుంది గనుక, ఎండ గట్టిగా ఉన్న రోజున మిగులు శక్తి మరింత పెరిగే ప్రమాదం ఉంది. పైగా ఈ ఆమ్లం వెలుతురులో నిర్వీర్యమవుతుంది.

బ్రాసినోస్టిరాయిడ్లు మొక్కల్లో ఎంత స్వల్ప మొత్తంలో ఉంటాయో చెప్పడానికి ఒక్క లెక్క చాలు: 1979లో 227 కిలోల ఆవజాతి పుప్పొడి నుంచి శాస్త్రవేత్తలు రాబట్టిన బ్రాసినోలైడు (ఈ కుటుంబానికి చెందిన ఒక హార్మోను) 4 మిల్లీగ్రాములే. టమాటా, దోస మొక్కలపై జరిపిన ప్రయోగాల్లో ఇవి చలిలో కార్బన్‌ను స్థిరపరిచే ఎంజైముల చురుకుదనాన్ని నిలబెట్టాయి, హానికర ఆక్సిజన్ రూపాలను అణిచే యాంటీఆక్సిడెంట్ ఎంజైములనూ పెంచాయి. అంటే శక్తికి ఖర్చయ్యే దారి చూపుతూనే, మిగిలిన దాని హానిని తగ్గించాయి. మరో మొక్కల హార్మోను అయిన శాలిసిలిక్ ఆమ్లం కూడా తక్కువ మోతాదులో మేలు చేస్తుంది గానీ, మోతాదు మించితే అదే మొక్కను కుంగదీస్తుంది.

పగలు ఎండ, రోజుల తరబడి ఓ మోస్తరు చలి ఉండి, కిరణజన్య సంయోగక్రియ సాగాల్సిన చోట నేను బ్రాసినోస్టిరాయిడ్ల వైపే మొగ్గుతాను. నేల హఠాత్తుగా చల్లబడి లేత నారు వాడిపోయే ముప్పు ఉన్నప్పుడు, చలికి ముందే అందించిన అబ్సిసిక్ ఆమ్లానిదే పైచేయి. ఇవి పూర్తి ప్రత్యర్థులు కూడా కావు: టమాటాలో బ్రాసినోస్టిరాయిడ్ సంకేతాన్ని మోసే బీజడ్ఆర్1 అనే ప్రోటీన్, చలిలో అబ్సిసిక్ ఆమ్లం తయారీకి అవసరమైన జన్యువును తానే పనిచేయిస్తుంది.