పంట కాపలాకు లైసెన్సు తుపాకీయా, నాటు తుపాకీయా?

శ్రీకాకుళం జిల్లా మందస, సోంపేట వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు, కొండవార చేలల్లో అడవి పందులు. ఏ తుపాకీ పేల్చినా చప్పుడు ఒకటే. తేడా కాగితంలోనూ, గొట్టంలోనూ.

లైసెన్సుకు ఫారం ఏ-1, డాక్టరు సర్టిఫికెట్, పోలీసు రిపోర్టు కావాలి. నిజంగా పంట కాపలాకే అయితే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఈ ముక్క రైతుకు చెప్పేవాళ్లే తక్కువ. గడువు 5 ఏళ్లు. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో అప్పగించమంటే రసీదు తీసుకోండి, అది పోతే తిప్పలే.

నాటు తుపాకీ చవక, పైగా ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీ గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి ప్రూఫ్ ముద్ర వేస్తారు. నాటు గొట్టానికి ఆ పరీక్షే లేదు. తుప్పు తిన్నచోటో, అతుకు దగ్గరో చీలిందంటే ముందు పోయేవి గొట్టం కింద పట్టుకున్న చేతి వేళ్లు, తర్వాత కన్ను. దొరికితే, 2019 సవరణ తర్వాత, 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

ఎలుగుబంటి వన్యప్రాణి చట్టం 1వ షెడ్యూలులోది, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలోది. లైసెన్సు చేతిలో ఉన్నా జీడిపళ్ల కోసం దాన్ని కాల్చకూడదు. ప్రాణం మీదికొస్తే ఆత్మరక్షణ లెక్క వేరు.