రొయ్యల గుంట మీద పద్నాలుగేళ్లు నడిచిన 62.5 కేవీఏ డీజిల్ జనరేటరు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మా రొయ్యల గుంటల కోసం 2011లో ఈ జనరేటరు కొన్నాము. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాల్లో సగం మేము వాడిన తీరు వల్ల వచ్చినవే.

ముందుగా దాని మంచిని చెప్పాలి. వనామి రకం రొయ్యల గుంటలో నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలడానికి ఎక్కువసేపు పట్టదు. గాలివానల్లో లైన్లు తెగిన రాత్రులలో ఈ యంత్రం ఒక్కసారి కూడా స్టార్ట్ కాకుండా మొరాయించలేదు. మా పంటను కాపాడిన యంత్రం గనుక దాని మీద నాకు గౌరవం ఉంది.

అయితే కొన్ననాడు ఒక్కొక్కటి ఒక హెచ్.పి. ఉన్న ఏరేటర్లు నలభై నడిపిన ఈ యంత్రానికి, సగానికి పైగా గుంటలు కౌలుకిచ్చిన తరువాత పన్నెండు మాత్రమే మిగిలాయి. 62.5 కేవీఏ, అంటే సుమారు 50 కిలోవాట్ల సామర్థ్యమున్న యంత్రం మీద 9 కిలోవాట్ల లోడు పడుతోంది. ఇంత తక్కువ లోడులో ఇంజను తగినంత వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు, మండని ఇంధనం మసితో కలిసి సైలెన్సరు నుంచి నల్లటి జిగురులా కారుతుంది. ఒకప్పుడు లీటరుకు మూడు యూనిట్లకు పైగా వచ్చేవి. ఇప్పుడు రెండే వస్తున్నాయి. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, యూనిట్‌కు 0.9 కిలో లోపు ఉన్న భారం ఇప్పుడు 1.3 కిలోలు దాటింది. లీటరు 95 రూపాయలకు పైగా ఉన్న ఈ రోజుల్లో యూనిట్ ఖర్చు యాభై రూపాయలకు దగ్గరపడింది.

నన్ను అంతకంటే బాధపెట్టింది పొగ. "అన్నా, పొద్దున లేస్తే ఆరేసిన గుడ్డల మీద మసే" అని పక్క గుంట కాపలాదారు భార్య చెప్పిన రోజున నాకు సమాధానం దొరకలేదు. శబ్దం సంగతీ అంతే: మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదన్న నిబంధనకు తగ్గట్టుగా జనరేటరును మూసి ఉంచే పెట్టె లోపలి స్పాంజి పొడిగా రాలిపోయి, రాత్రి వేళ చప్పుడు ఊరిదాకా వినిపిస్తోంది.

షెడ్డు నేల మీద కారిన ఇంజను ఆయిల్ వర్షానికి కాలువలోకి కొట్టుకుపోయింది. అదే కాలువ నీటిని కింది రైతులు గుంటల్లోకి తోడుకుంటారు. నూనె పొర నీటికి గాలి అందకుండా చేస్తుందని రొయ్యలు పెంచే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిరుడు సిమెంటు గట్టు కట్టించి, మార్చిన ఆయిల్‌ను డబ్బాల్లో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వ్యాపారికే ఇస్తున్నాను. ఆ పని మొదటి ఏడాదే చేయవలసింది.

సోలార్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పగటి ఖర్చు తగ్గడానికి అది మంచిదే గాని, మన అవసరం తెల్లవారుజామున గనుక పెద్ద బ్యాటరీ లేకుండా అది జనరేటరుకు బదులు కాలేదు.

పాత జనరేటరు చౌకగా దొరికిందని కొనేవారు ముందు తమ లోడు లెక్క వేసుకోవాలి. పన్నెండు ఏరేటర్లకు, వాటిని ఒకదాని తరువాత ఒకటి ఆన్ చేసే పద్ధతి ఉంటే, 25 కేవీఏ సరిపోతుంది. 2023 జూలై 1 నుంచి తయారవుతున్న యంత్రాలకు కేంద్ర ప్రభుత్వం పొగ పరిమితులను బాగా బిగించింది కాబట్టి, ధర ఎక్కువైనా కొత్తదే మేలు. పాతది ఇప్పటికే ఉన్నవారు వారానికొకసారి లోడు లేకుండా ఉత్తినే తిప్పి ఆపేయకుండా, ఉన్న మోటార్లన్నీ కలిపి అరగంటైనా బరువు మీద నడపాలి. మా మెకానిక్ చెప్పగా నేను అలా చేశాక సైలెన్సరు జిగురు తగ్గింది, పొగ మాత్రం తగ్గలేదు. వచ్చే పంటకు రొయ్య పిల్ల వదిలేలోపు దీన్ని మార్చేస్తున్నాను.