పిట్టలూ బజారూ రెండూ తీయాలంటే: బ్రిడ్జ్ కెమెరా మేలా, డీఎస్ఎల్ఆర్ మేలా?

మా బాబాయి దగ్గర నికాన్ పీ950 ఉంది, అది బ్రిడ్జ్ కెమెరా, అంటే పెద్ద జూమ్ లెన్స్ బాడీకే బిగించి వస్తుంది, మార్చలేం. నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే, లోపల అద్దం ఉండే కెమెరా), ఒక 70-300 ఎంఎం జూమ్ లెన్స్, ఒక 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. మూడు చలికాలాలుగా ఆదివారం తెల్లవారకముందే బండి మీద గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పిట్టల చెరువుకి వెళ్తున్నాం. సాయంత్రం బజారులో పూల అంగళ్లు, టీ బండ్లు తీస్తాం. ఒకే గట్టు మీద నిలబడి ఒకే పిట్టను తీసి, ఇంటికొచ్చాక రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాకు అలవాటు. ఏ కెమెరా కొనాలని అడిగేవాళ్లకి నేను చెప్పేదంతా ఆ అలవాటు నుంచి వచ్చిందే.

అందరూ ముందు చూసేది జూమ్ అంకె. పీ950కి 83 ఎక్స్, 2000 ఎంఎం అని రాసి ఉంటుంది, అంటే ఫిల్ము సైజు సెన్సార్ ఉన్న కెమెరాకి 2000 ఎంఎం లెన్స్ పెడితే కనిపించేంత దగ్గరగా అని. కానీ ఆ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ (దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే కొలత) పూర్తిగా చాపినా 357 ఎంఎం మాత్రమే. వెనకున్న సెన్సార్, అంటే బొమ్మ పడే చిప్, చాలా చిన్నది, వెడల్పు 6 ఎంఎం పైచిలుకు, చిటికెనవేలి గోరు కంటే చిన్నది. అంత చిన్న కిటికీలోంచి చూస్తే పిట్ట ఫ్రేమంతా నిండిపోతుంది. నా డీఎస్ఎల్ఆర్‌లో ఉన్న క్రాప్ సెన్సార్ (ఫిల్ము సైజు కంటే కాస్త చిన్నది) విస్తీర్ణంలో దానికి సుమారు 12 రెట్లు. అందుకే నా 300 ఎంఎంలో అదే కొంగ చిన్నగా కనిపిస్తుంది.

జూమ్ అంకె పక్కన పెట్టి, లెన్స్ నోరు ఎంత వెడల్పో లెక్క కట్టండి. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) భాగిస్తే చాలు. పీ950 చివరి జూమ్‌లో 357ని 6.5తో భాగిస్తే 55 ఎంఎం. నా లెన్స్‌లో 300ని 5.6తో భాగిస్తే 54. అంటే ఒకే దూరంలో ఉన్న ఒకే పిట్ట నుంచి, ఒకే షట్టర్ స్పీడులో రెండింటిలోకీ వచ్చే వెలుతురు దాదాపు సమానం. ఈ లెక్క తెలిశాక బాబాయి కెమెరా మీద నాకున్న చిన్నచూపు పోయింది. ఎండ బాగా ఉండి, పిట్ట కదలకుండా కూర్చుంటే, ఆయన ఫొటోలో ఎర్రకాళ్ల కొంగ వీపు మీది గులాబీ రంగు ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. నాది కంప్యూటర్‌లో కత్తిరించి పెద్దది చేస్తే అంత వివరం రాదు. కూర్చున్న పిట్టలకి, దూరంగా ఉన్నదేదో పోల్చుకోవడానికి, 300 ఎంఎం కంటే బ్రిడ్జ్ కెమెరాయే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు.

పిట్ట కదిలిందంటే లెక్క మారిపోతుంది.

మొన్న డిసెంబరులో పొలాల పక్క కాలువ దగ్గర నలుపు తెలుపు లకుముకిపిట్ట కనిపించింది. ఈ జాతి లకుముకి నీళ్ల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి వంచి చేపను చూసుకుని, రాయిలా పడుతుంది. మొత్తం ఆరేడు క్షణాల ఆట. బాబాయి జూమ్ చాపేలోపే పిట్ట ఫ్రేములోంచి జారిపోయింది. ఆ కెమెరాలో పక్కన ఒక మీట ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ కాస్త వెనక్కి వచ్చి పిట్టను మళ్లీ వెతుక్కోవచ్చు. ఆయన అదీ చేశారు. దొరికింది, కానీ ఫోకస్ వెనకున్న తుంగ మీద నిలిచింది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో (కంటికి ఆనించి చూసే చిన్న తెర) బొమ్మ ఒక రవ్వ ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఆయన షట్టర్ నొక్కేసరికి పిట్ట నీళ్లలో పడిపోయింది.

"ఏరా, నీకు దొరికిందా?"

"నాలుగు దొరికాయి బాబాయ్, ఒకటి బాగుంది."

నేను గొప్పగా తీసిందేమీ లేదు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించేది అద్దంలోంచి వచ్చే అసలు దృశ్యం, ఆలస్యం ఉండదు. జూమ్ చేత్తో ఒక్క తిప్పుతో తిరుగుతుంది. షట్టర్ 1/2000 సెకనులో పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుని పెంచి చూపే అమరిక) 1600 దాకా పెంచినా పెద్ద సెన్సార్ తట్టుకుంది. ఫొటోలో పిట్ట చిన్నగానే ఉంది గానీ, ముక్కు కొసన నీటిబొట్టు కనిపిస్తోంది. బాబాయి ఆ ఫొటోని తన ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నారు.

పసిరిక పిట్టలు, గద్దలు, గూటికి గడ్డి పోచలు మోసుకెళ్లే గిజిగాళ్లు... మీ మనసు వీటి మీద ఉంటే డీఎస్ఎల్ఆర్ గానీ, డబ్బుంటే మిర్రర్‌లెస్ (లెన్సులు మారుతాయి గానీ లోపల అద్దం ఉండదు) గానీ తీసుకోండి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు పిట్ట కంటిని వాటంతటవే పట్టుకుంటాయి, అందులో వ్యూఫైండర్ ఆలస్యం కూడా బాగా తగ్గింది. ధరే మనకి అడ్డం.

ఇక బజారు. సాయంత్రం ఆరున్నరకి పూలమ్మే అవ్వ దగ్గర ఆగుతాం. తడిగుడ్డ కింద కనకాంబరాలు, నెత్తిన ఒకే బల్బు, మోచేతి నుంచి వేలికొస దాకా చాచి మూర కొలుస్తున్న చెయ్యి. ఇక్కడ బ్రిడ్జ్ కెమెరా బొత్తిగా చేతులెత్తేస్తుంది. జూమ్ మొత్తం వెనక్కి తీసుకుంటే దాని లెన్స్ 4.3 ఎంఎం, ఎఫ్ 2.8. నోటి వెడల్పు ఒకటిన్నర ఎంఎం! బల్బు వెలుతురులో అవ్వ ముఖం మీద రంగురంగుల చుక్కలు తప్ప ముడతలు కనిపించవు. ఇవాళ చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సార్ దానికంటే పెద్దది. కాబట్టి బాబాయి బజారులోకి రాగానే పీ950ని సంచిలో పెట్టి ఫోన్ తీస్తారు. ఆయన పద్ధతి సరైనదే. బ్రిడ్జ్ కెమెరా, ఫోన్ కలిస్తేనే ఒక పూర్తి సెట్టు.

నా 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఆ వెలుతురులోనే ప్రాణం పోసుకుంటుంది. అవ్వ చేతి మీద పచ్చబొట్టు, దారం తడి, వెనక వెళ్లే ఆటో లైటు మసకగా. అయితే క్రాప్ సెన్సార్ మీద 50 ఇరుకు, అంగడి మొత్తం పట్టాలంటే వెనక్కి జరగాలి, వెనక స్కూటర్లు. మళ్లీ కొనాల్సివస్తే 35 ఎంఎం తీసుకుంటాను.

ఇంకో సంగతి. మొదట్లో బజారులో కూడా 70-300 తగిలించుకుని తిరిగేవాణ్ణి. "ఏం బాబూ, టీవీవాళ్లా?" అంది అవ్వ, కొంగు సర్దుకుని బిగుసుకుపోయింది. చిన్న లెన్స్ పెట్టుకుని, పక్కన కూర్చుని, "తీసుకోనా అవ్వా?" అని అడిగి తీసినప్పుడు ఆవిడ తన పని తాను చేసుకుంది. తర్వాత "ఏదీ, చూపించు" అంది. ప్రింటు తీయించి ఇచ్చాను.

మరి 150-600 లెన్స్? పిట్టల వాళ్లందరి కలా అదే. 600ని 6.3తో భాగిస్తే నోరు 95 ఎంఎం, మిగతా రెండింటికంటే మూడు రెట్ల వెలుతురు. పొద్దున్నే మంచులో, చెట్టు నీడలో ఉన్న పిట్టకి దానికి సాటి లేదు. కానీ లెన్స్ ఒక్కటే రెండు కిలోలు. కొత్తది కొంటే ఆ లెన్స్ ఒక్కదాని ధరే పీ950ని దాటిపోతుంది. బండి మీద, బస్సులో తీసుకెళ్లడం టెన్షన్. పైగా మన దగ్గర అంత దూరం ఎక్కడ అవసరం? ఉప్పలపాడులో చెరువు చిన్నది, కొంగలూ గూడబాతులూ ఎదురుగానే ఉంటాయి. కొల్లేటి ఆటపాకలో పడవ ఎక్కితే ఇంకా దగ్గర. పులికాట్‌లో రాజహంసలు దూరంగా ఉంటాయి నిజమే, కానీ సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో నిలబడి తొమ్మిది తర్వాత ఏ లెన్స్ పెట్టినా నీళ్ల మీద గాలి మరుగుతున్నట్టు కదిలి, బొమ్మ కరిగిపోతుంది. అక్కడ 2000 ఎంఎం కూడా ఏమీ చేయలేదు, పొద్దున్నే వెళ్లడమే దారి.

దూరం విషయంలో నాకు బాగా కోపం తెప్పించేది ఒకటుంది. ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి కొంగల్ని లేపేవాళ్లని చూశాను. గూట్లో పిల్లలుంటే తల్లి లేచిన ఆ కాసేపట్లోనే కాకి వచ్చి వాలుతుంది, ఎండ నేరుగా పిల్లల మీద పడుతుంది. మీ లెన్స్ చాలకపోతే ఆ ఫొటో వదిలేయండి. ఓపిక తక్కువని మీకే అనిపిస్తే బ్రిడ్జ్ కెమెరా కొనుక్కోండి, కనీసం పిట్ట దగ్గరికి వెళ్లాల్సిన అవసరం ఉండదు.

డబ్బు మాటకొస్తే, కొత్త పీ950 ధరకి సెకండ్‌హ్యాండ్ బాడీ, 70-300, ఒక చిన్న ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) వచ్చేస్తాయి. కానీ పాతవి కొనేటప్పుడు నేను చేసిన తప్పు చేయకండి. నా మొదటి 70-300ని ఒకరి దగ్గర సాయంత్రం వేళ, టీ కొట్టు ముందు చూసి కొన్నాను. ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్. డబ్బు తిరిగి రాలేదు. మన కోస్తా తేమకి మంచి లెన్స్ కూడా అలమరలో పెడితే అలాగే అవుతుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వానాకాలంలో జెల్ మారుస్తూ ఉండండి.

కాబట్టి నా మాట ఇది. రిటైరై, పిట్టల పేర్లు నేర్చుకోవాలని, భుజం నొప్పి లేకుండా తిరగాలని ఉన్నవాళ్లకి బ్రిడ్జ్ కెమెరా, చేతిలో ఉన్న ఫోన్. ఎగిరే పిట్టా కావాలి, సందె వెలుతురులో మనుషులూ కావాలి అనేవాళ్లకి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 70-300, 35 ఎంఎం. నేను రెండో గుంపువాణ్ణి. రెండూ సమానమని చెప్పను, నేర్చుకునే వయసూ ఓపికా ఉంటే డీఎస్ఎల్ఆరే మేలు, ఎందుకంటే పిట్టల దగ్గర పెట్టిన డబ్బే బజారులోనూ పనికొస్తుంది.

150-600 మీద మనసు లాగుతుంటే కొనకముందు ఒక ఆదివారానికి అద్దెకి తెచ్చుకోండి. ఆరింటికి మెడకి వేసుకుని గట్టెక్కండి. తొమ్మిదింటికి కూడా దాన్ని పైకెత్తి పిట్టకి గురి పెడుతూనే ఉన్నారంటే, కొనండి.