సూట్‌కేసులో తేవాలా, కొరియర్‌లో పంపాలా?

మా సోంపేట వైపు ఇంటికొకరు గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో ఉంటారు. ఎవరైనా వస్తున్నారంటే మొదటి ప్రశ్న ఇదే.

2025లో మా బావ 72,000 రూపాయల ఫోన్ వెంట తెచ్చాడు. అప్పట్లో వెంట తెచ్చే సామానుకి కస్టమ్స్ సుంకం మినహాయింపు 50,000 వరకే. మిగతా 22,000 మీద 38.5 శాతం, అంటే 8,470. ఎయిర్‌పోర్టులో సుంకం కట్టాల్సినవాళ్లు వెళ్లే రెడ్ ఛానెల్‌లోకి తనే వెళ్లి కట్టేశాడు. నాలుగు మడతల రసీదు ఇంకా పర్సులోనే ఉంది. 2026 ఫిబ్రవరి నుంచి పరిమితి 75,000 అయింది కాబట్టి ఇప్పుడైతే ఆ ఒక్క ఫోన్‌కి పైసా పడదు. ఆ ఫోన్ తెచ్చినప్పుడు 'మీ అక్క వాటా కూడా కలుపుతాను' అన్నాడు కానీ ఇద్దరి పరిమితీ కలిపి ఒకే వస్తువుకి వాడనివ్వరు. ల్యాప్‌టాప్ మాత్రం 18 ఏళ్లు నిండినవారికి ఒకటి విడిగా ఫ్రీ.

కొరియర్‌లో ఈ మినహాయింపు లేదు. పైగా వస్తువు ధరకి రవాణా, ఇన్సూరెన్స్ కలిపి, దాని మీద సుంకం వేసి, ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) వేస్తారు. పన్ను మీద పన్ను! కొరియర్ వాళ్ల ఛార్జీ వేరే. గిఫ్ట్ అని రాస్తే 5,000 దాకా పన్నుండదనేది పాత మాట, 2019 డిసెంబరులోనే తీసేశారు. రాఖీలకి, ప్రాణాధార మందులకి మాత్రం ఉంచారు.

నన్నడిగితే వచ్చేవాళ్లుంటే సూట్‌కేసే. ఎవరూ రానప్పుడు, అదీ ఇక్కడ దొరకని వస్తువైతేనే కొరియర్. బిల్లు మాత్రం పారేయొద్దు, అది లేకపోతే వస్తువు ధర ఎంతో అధికారులే నిర్ణయిస్తారు.